తమ్ముడిది ఏ జబ్బు?

1961 వేసవి. జపాన్‌లో దక్షిణాన ఉన్న క్యూషూ దీవి, షిరానుయి సముద్రపు ఒడ్డున ఒక జాలరి పల్లె. కుమమోటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూస్తున్నాడు. పేరు హరదా మసజుమి. ఇంకా ముప్పై నిండలేదు. నరాల జబ్బులూ మానసిక జబ్బులూ ఆయన చదువు.

ఒక ఇంటి వసారాలో ఇద్దరు మగపిల్లలు ఆడుకుంటూ కనిపించారు. అన్నదమ్ములు. డాక్టరు గుమ్మం దగ్గరే నిలబడి కాసేపు చూశాడు. పెద్దవాడి చెయ్యి ఒకచోటికి పోవాలనుకుంటే ఇంకోచోటికి పోతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. చిన్నవాడిదీ అదే తీరు. ఆ ఊళ్లో ఆ తీరుకు ఒకటే పేరు: మినమాటా జబ్బు. ఇంతలో తల్లి వచ్చింది.

"ఇద్దరిదీ మినమాటా జబ్బేనా అమ్మా?"

"పెద్దోడిదేనండి. చిన్నోడిది కాదు."

"మరి చిన్నబ్బాయిది?"

"సెరిబ్రల్ పాల్సీ అన్నారండి. పుట్టుకతోనే వచ్చిందంట. వాడు చేప ముక్క నోట పెట్టలేదు కదా, ఈ జబ్బు ఎట్లా వస్తుందీ అన్నారు."

డాక్టరుకు ఇంకో ప్రశ్న తోచలేదు. తోచేలోపు ఆమే అందుకుంది.

"నాకైతే నమ్మకం కుదరడం లేదండి. మా ఆయనా, పెద్దోడూ, నేనూ అవే చేపలు తిన్నాం. ఆయన ఆ జబ్బుతోనే పోయాడు. పెద్దోడు ఇట్లా అయ్యాడు. అప్పుడు వీడు నా కడుపులో ఉన్నాడు. నాకేమో పెద్దగా ఏమీ కాలేదు. మరి నేను తిన్న విషం ఎటు పోయినట్టు? వీడికే పోయుంటుంది కదండీ?"

"అలా జరగదమ్మా. తల్లి ఒంట్లోని విషాన్ని మాయ ఆపేస్తుంది. బిడ్డ దాకా పోనివ్వదు."

ఆయన చదివిన పుస్తకాల్లో అలాగే ఉంది. ఒక్క ఆయనేమిటి, ఆనాడు ప్రపంచంలో వైద్యం చదివిన వాళ్లలో ఎక్కువమంది అదే చెప్పేవారు. ఆమె వాదించలేదు. ఒక్కమాట మాత్రం అంది: ఆ చివరిదాకా వెళ్లి చూడండి డాక్టరుగారూ, వీడి ఈడు పిల్లలు ఇట్లాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో.

ఈ సంభాషణలో మాటల కూర్పు నాది. సంగతి మాత్రం హరదా తర్వాత తన పుస్తకంలో రాసుకున్నదే. ఆ వసారా ముందే తన బతుకు దారి మళ్లిందని ఆయన చివరిదాకా చెప్పుకున్నారు. ఆమె చెప్పిన చోటికల్లా ఆయన నిజంగానే వెళ్లి చూశారు. ఆ పిల్లల జబ్బు సంగతి అప్పటికి ఇంకా తేలలేదు.

ఎందుకు తేలలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ తీరంలోని మినమాటా అనే ఊరికి చిస్సో కంపెనీ 1908లో వచ్చింది. కార్బైడ్‌తో మొదలుపెట్టి ఎరువులు చేసింది, ఆ తర్వాత రసాయనాల్లోకి దిగింది. 1932 నుంచి అక్కడ ఎసిటాల్డిహైడ్ తయారీ జరిగింది. ఆ రసాయన చర్యను నడపడానికి పాదరసం వాడేవారు. ఆ క్రమంలోనే కొంత పాదరసం మిథైల్ మెర్క్యురీగా మారి, వాడిన నీళ్లతో కలిసి హ్యక్కెన్ రేవు దగ్గర సముద్రంలో పడేది. నీళ్లలో అది చాలా కొంచెమే. నాచు నుంచి చిన్న పురుగుకు, పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోయేకొద్దీ అది పోగుపడుతుంది. ఆ చేపలు తిని బతికే జనం ఆ వరస చివర ఉన్నారు. కంపెనీ దయవల్ల ఊరికి ఉద్యోగాలు వచ్చాయి, పన్నులు వచ్చాయి. ఊరు కంపెనీదే అన్నట్టుండేది.

1950లు మొదలయ్యాక జబ్బు ముందు పిల్లులకు వచ్చింది. ఉన్నట్టుండి గిర్రున తిరగడం, గోడలకు కొట్టుకోవడం, సముద్రంలో దూకి చావడం. జనం దానికి నాట్యమాడే పిల్లుల జబ్బు అని పేరు పెట్టారు. కాకులు ఎగురుతూ ఎగురుతూ పడిపోయాయి. 1956 ఏప్రిల్ 21న ఒక పడవలవాళ్ల ఇంటి ఆడపిల్లను, ఇంకా ఆరేళ్లు నిండనిదాన్ని, కంపెనీ ఆసుపత్రికే తీసుకొచ్చారు. నడవలేదు, మాట్లాడలేదు, ఫిట్స్. రెండురోజులకు చెల్లెలు కూడా పడిపోయింది. పొరుగింట్లో కూడా ఉన్నారని తల్లి చెప్పింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకవా హజిమె విచారిస్తే వరసగా కేసులు బయటపడ్డాయి. మే 1న ఆయన ఆరోగ్యశాఖకు కబురుపెట్టారు: మెదడుకూ నరాలకూ వచ్చే అంతుచిక్కని జబ్బు ఒకటి ప్రబలుతోంది.

ముందు అంటువ్యాధి అనుకున్నారు. రోగులున్న ఇళ్లలో మందు చల్లారు. కొట్లో ఆ ఇళ్లవాళ్ల డబ్బు చేత్తో తీసుకునేవాళ్లు కాదు. అదే ఏడాది నవంబరుకల్లా కుమమోటో విశ్వవిద్యాలయం వాళ్లు అంటువ్యాధి కాదని తేల్చారు. ఏదో భారలోహం, అది చేపల్లోంచి వస్తోంది. ఏ లోహమో తేలడానికి 1959 జులై దాకా పట్టింది. రేవు దగ్గర కాలువ నోట తీసిన బురదలో టన్నుకు రెండు కిలోల దాకా పాదరసం ఉంది! తర్వాత ఆ బురదలోంచి పాదరసాన్ని తిరిగి రాబట్టుకునే ఆలోచన కూడా కంపెనీకి వచ్చిందట. వ్యాపారమంటే అలాగే ఉంటుంది మరి.

హొసొకవా డాక్టరు కంపెనీ జీతగాడే. అయినా ఆయన ఒక పని చేశారు. ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చే మురుగునీళ్లను తిండిలో కలిపి పిల్లికి పెట్టారు. ఆ పిల్లి నంబరు 400. 1959 అక్టోబరులో అది కూడా గిర్రున తిరిగింది. ఆయన పైవాళ్లకు చెప్పారు. పైవాళ్లు ఆ ప్రయోగాలు ఆపేయమన్నారు. సంగతి బయటికి పోలేదు. డిసెంబరులో మురుగు శుద్ధి యంత్రం ఒకటి పెట్టి, ప్రారంభోత్సవంలో కంపెనీ అధ్యక్షుడు గ్లాసెడు నీళ్లు తాగి చూపించాడు. అసలు విషం వచ్చే విభాగం నీళ్లు ఆ యంత్రం గుండా పోవడం లేదు. నెలాఖరుకు, డిసెంబరు 30న, రోగుల కుటుంబాలతో 'సానుభూతి సొమ్ము' ఒప్పందం రాయించుకున్నారు. పెద్దవాళ్లకు ఏడాదికి లక్ష యెన్‌లు, పిల్లలకు 30 వేలు. తప్పు కంపెనీదేనని రేపు తేలినా ఇంకేమీ అడగకూడదు. ఏడాది చివరి రోజుల్లో, ఇంట్లో గింజ లేని జాలరులు సంతకం పెట్టకేం చేస్తారు?

ఊరు ఊపిరి పీల్చుకుంది. జబ్బు పోయిందన్నారు. ఆ వసారాలోని చిన్నవాడిలాంటి పిల్లలు ఏ జాబితాలోనూ లేరు. వాళ్లది సెరిబ్రల్ పాల్సీ కదా. సానుభూతి సొమ్ము కూడా లేదు.

హరదా ఆ పిల్లలందరినీ ఒకరి తర్వాత ఒకరిని పరీక్షించారు. ఒక పిల్లవాడికి పుట్టుకతో మెదడు దెబ్బతింటే కారణాలు వంద ఉండొచ్చు. కాన్పు కష్టమై ఊపిరి అందకపోవచ్చు, మెదడుకు వాపు రావచ్చు. ఆ కారణాల్ని బట్టి లక్షణాలు తలా ఒక రకంగా ఉండాలి. ఇక్కడలా లేదు. పిల్లలంతా ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఆలస్యంగా నిలిచిన మెడ, అదుపులేని చేతులు, చొంగ, వంకర తిరిగిన వేళ్లు, మందగించిన బుద్ధి. పుట్టిన సంవత్సరాలు దగ్గరదగ్గర. పల్లెలు అవే. ఆ ఇళ్లలో ఎవరో ఒకరికి మినమాటా జబ్బు ఉంది. తల్లులంతా కడుపుతో ఉన్నప్పుడు ఆ సముద్రపు చేపలు తిన్నవాళ్లే. అలాంటి పిల్లల పాళ్లు మామూలు ఊళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇన్ని ఒక్కచోట కలిశాక యాదృచ్ఛికం అనడానికి ముఖం చెల్లదు.

అయినా చెల్లింది. రుజువు కావాలన్నారు. రుజువంటే శవపరీక్ష. మా పిల్లల్లో ఎవరో ఒకరు చచ్చిపోయి కోసి చూస్తేగాని తేలదంటున్నారు డాక్టరుగారూ అని తల్లులు హరదాతో అన్నారట. అన్నట్టే అయింది. 1961, 62 సంవత్సరాల్లో అలాంటి పిల్లలిద్దరు చనిపోయారు. ఆచార్య తకెఉచి తదావో వాళ్ల మెదళ్లు చూశారు. విషం ఉంది. 1962 నవంబరు 29న 16 మంది పిల్లల్ని గర్భస్థ మినమాటా జబ్బు రోగులుగా అధికారికంగా గుర్తించారు. ఒక బిడ్డ పోతే తప్ప మిగతా బిడ్డలది జబ్బని ఒప్పుకోలేదన్న మాట. హరదా ఈ సంగతిని ఎప్పుడూ గర్వంగా చెప్పుకోలేదు. అది తమ కొత్త ఆవిష్కరణ కాదు, తల్లులకు ముందే తెలుసునని ఆయన అనేవారు.

కడుపులో ఏం జరిగిందో తర్వాతి శాస్త్రం విడమరిచి చెప్పింది. మిథైల్ మెర్క్యురీ రక్తంలో ఒంటరిగా తిరగదు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఆ జంట చూపులకు మిథియోనిన్‌లా ఉంటుంది, అది బిడ్డ పెరగడానికి కావలసిన పోషకం. మాయలో కాపలా ఉన్న కణాలు దాన్ని పోషకమనే అనుకుని తలుపు తీసి లోపలికి పంపిస్తాయి. మెదడు వాకిట్లోనూ ఇదే మోసం. తీరా లోపలికి వెళ్లాక తిరిగి బయటపడే దారి సన్నం. అందుకే పుట్టేనాటికి బొడ్డుతాడు రక్తంలో పాదరసం తల్లి రక్తంలోకంటే ఎక్కువ ఉంటుంది. తల్లి తన విషాన్ని తనకు తెలియకుండానే బిడ్డకు దింపేసుకుంటుంది.

పెద్దవాళ్ల మెదడులో ఈ పాదరసం కొన్ని చోట్లనే ఎంచుకుని కొడుతుంది: చూపు చూసుకునే భాగం, నడక అదుపు చేసే చిన్నమెదడు. కడుపులోని మెదడు సంగతి వేరు. అది ఇంకా తయారవుతోంది. కొత్త నాడీకణాలు లోపలి పొరలో పుట్టి, తమ చోటు వెతుక్కుంటూ బయటి పొరలకు వరసగా పాకుతూ పోవాలి. పైకి చేరాక పక్కకణాలతో చేతులు కలపాలి. గర్భం మొదటి ఐదారు నెలల్లో ఈ వలస జోరుగా సాగుతుంది. మిథైల్ మెర్క్యురీ కణాలు చీలడాన్ని ఆపుతుంది, ఆ వలసను చెడగొడుతుంది. కణం చావకపోయినా తప్పుచోట ఆగిపోతుంది. అందుకే గర్భస్థ రోగుల మెదడులో దెబ్బ ఒకచోట కాక మెదడంతా పరుచుకుని కనిపించింది. మగపిండాలు ఇంకా పెళుసు అన్నట్టుంది. ఆ విషం జోరుగా ఉన్న 1955-59 మధ్య మినమాటాలో పుట్టిన వాళ్లలో మగపిల్లల పాళ్లు తగ్గిపోయాయని తర్వాతి లెక్కల్లో తేలింది.

యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు 1971లో మినమాటా వచ్చి భార్య ఐలీన్‌తో కలిసి మూడేళ్లు ఉన్నాడు. స్నానాలగదిలో ఒక తల్లి కొయ్యబారిన కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న ఫొటో అప్పుడు తీసిందే. ఆ తల్లి తన కూతుర్ని వరాలబిడ్డ అనేది. నా ఒంట్లో విషమంతా ఇదే తాగేసింది, అందుకే నేనూ దీని తర్వాత పుట్టిన పిల్లలూ బాగున్నాం అనేది. శాస్త్రం చెప్పేదీ చాలావరకు అదే. ఆ అమ్మాయి 21 ఏళ్లకు పోయింది. ఇక ఆమెను ప్రశాంతంగా ఉండనివ్వాలన్న కుటుంబం కోరికను మన్నించి ఆ ఫొటోను చాలా ఏళ్లపాటు కొత్తగా ఎవరికీ ఇవ్వలేదు.

హరదా ఇంకో పని చేశారు. నాకు ఆయన పనులన్నిటిలో ఇదే ఇష్టం. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడు ఎండాక చిన్న చెక్కపెట్టెలో పెట్టి దాచుకుంటారు. మన పల్లెల్లో ఊడిపడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టినట్టే. బిడ్డ పుట్టిన తేదీ కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి అటకల మీద, బీరువాల్లో పడున్న ఆ పెట్టెల్ని ఇమ్మని ఆయన ఇంటింటా అడిగారు. ఇచ్చారు. అందులోని ఎండిన ముక్కల్లో మిథైల్ మెర్క్యురీ కొలిచారు. ఫ్యాక్టరీలో ఎసిటాల్డిహైడ్ ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల బొడ్డుతాళ్లలో పాదరసం కూడా పెరుగుతూ పోయింది. కంపెనీ తన రికార్డుల్లో ఏం దాచుకున్నా, తల్లులు దాచుకున్నది బయటపడింది.

హరదా ఆ వసారా ముందు నిలబడిన ఆ ఏడాదే మాయను గురించిన పాత నమ్మకం ఇంకోచోట కూడా కూలింది. పశ్చిమ జర్మనీలో 1957 నుంచి థాలిడోమైడ్ అనే మందును నిద్రకు, వేవిళ్ల వికారానికి క్షేమమైనదని అమ్మారు. 1961 నవంబరు చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేసరికి దేశదేశాల్లో సుమారు 10 వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు. అందరికీ గుర్తుండేది ఆ చేతులే. కానీ 1994లో స్వీడన్ పరిశోధకులు పెద్దవాళ్లయిన ఆ పిల్లల్ని పరీక్షిస్తే కొందరిలో ఆటిజం కనిపించింది. వాళ్ల తల్లులు మందు మింగింది గర్భం వచ్చిన 20-24 రోజుల మధ్య. నెల తప్పిందో లేదో ఇంకా తేల్చుకోని రోజులవి. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ కడుపులోని బిడ్డకు మద్యం చేసే హానికి ఒక పేరు పెట్టారు. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ మందు కడుపులో ఉండగా తగిలిన పిల్లల్లో 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తున్నాయని యూరప్ మందుల సంస్థలు ఇప్పుడు హెచ్చరిస్తున్నాయి. ఈ వాక్యం చదివి ఎవరూ మాత్రలు ఉన్నపళంగా మానకండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ అదీ ప్రమాదమే. గర్భం గురించి ఆలోచిస్తున్నప్పుడే, ముందుగానే, నరాల డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవచ్చేమో అడగండి.

చేపల మాటకొస్తే, ఇది చదివి చేపలు మానేసినా తప్పే. బిడ్డ మెదడు కట్టుకోవడానికి కావలసిన ఒమేగా-3 కొవ్వులు చేపల్లోనే పుష్కలం. ఫారో దీవుల్లో 1986, 87లలో పుట్టిన వెయ్యిమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, తల్లులు తిన్న తిమింగలం మాంసంలోని పాదరసం వల్ల ఏడేళ్ల వయసులో జ్ఞాపకం, భాష, ఏకాగ్రత కాస్త తగ్గినట్టు తేలింది. మినమాటాతో పోలిస్తే అది చాలా చిన్న మోతాదు. చిక్కంతా ఇతర చేపల్ని తిని ఏళ్లపాటు పెరిగే పెద్ద చేపలతోనే. అమెరికా ఆరోగ్యశాఖ గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తినొద్దనే జాబితాలో సొరచేప ఉంది. మన కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట చెప్పడం. పాదరసం కండలోనే అంటుకుని ఉంటుంది. పులుసు పెట్టినా, వేయించినా, తోలు తీసేసినా పోదు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు నిశ్చింతగా తినొచ్చు. ధరా తక్కువే.

మినమాటాలో ఎసిటాల్డిహైడ్ తయారీ ఆగింది 1968 మేలో. తప్పు చిస్సోదేనని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ సెప్టెంబరులో. అంటే పాత తయారీ పద్ధతితో పని తీరిపోయాక. 1970లో హొసొకవా డాక్టరు కేన్సరుతో మంచం మీదుండి కోర్టుకు పిల్లి నంబరు 400 కథ చెప్పారు. కొన్ని నెలలకే పోయారు. 1973 మార్చి 20న కుమమోటో జిల్లా కోర్టు కంపెనీ నిర్లక్ష్యమే కారణమంది, సానుభూతి ఒప్పందం చెల్లదంది. గర్భస్థ రోగి సకమోటో షినోబు 1972లో పదిహేనేళ్ల వయసులో స్టాక్‌హోమ్ ఐక్యరాజ్యసమితి సదస్సుకు తల్లితో వెళ్లింది. 2013లో కుమమోటోలో పాదరసంపై మినమాటా ఒప్పందం కుదిరింది. 2017లో అది అమల్లోకి వచ్చిన ఏడాది జెనీవాలో జరిగిన మొదటి సమావేశంలోనూ ఆమె మాట్లాడింది. మన దేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. హరదా 2012లో కన్నుమూశారు.

అధికారికంగా గుర్తింపు దొరికిన రోగులు 2,200 పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. మాదీ ఆ జబ్బేనని కోర్టులకెక్కిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో 128 మంది రోగులేనని ఒసాకా కోర్టు 2023 సెప్టెంబరులో తీర్పిచ్చింది. 2024 మార్చిలో కుమమోటో కోర్టు మరికొందరి పిటిషన్లు కొట్టేసింది.

జబ్బు బయటపడ్డ రోజుకు గుర్తుగా ఏటా మే 1న మినమాటాలో సంస్మరణ సభ జరుగుతుంది. 2024లో ఆ సభ అయ్యాక పర్యావరణ మంత్రి రోగుల సంఘాలతో కూర్చున్నారు. ఒక్కో సంఘానికి మూడు నిమిషాలు. 82 ఏళ్ల పెద్దాయన ఒకరు చనిపోయిన తన భార్య గురించి చెబుతుండగా సమయం మించిందని మంత్రిత్వ శాఖ ఉద్యోగులు మైకు ఆపేశారు. దేశమంతా దుమ్మెత్తిపోశాక, వారం తర్వాత మంత్రి ఇతో షింతరో మళ్లీ మినమాటా వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పారు.